బస్సులో చెవికి, బాయికాడ మోటారుకు: మ్యాక్రోడ్రాయిడ్, యాంటెనాపాడ్ ఎంతవరకు పనికొస్తాయి

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి, చౌటుప్పల్ దాటి, ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో పడి తేలేసరికి రెండున్నర గంటలు ఎటూ పోవు. పాలమూరు నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చేవాళ్లకూ అటూఇటూగా అదే లెక్క. వారానికి రెండుసార్లు పోయొచ్చేవాళ్లకు నెలకు నలభై గంటలు సీట్లోనే అయిపోతాయి. ఆ నలభై గంటల్లో వినడానికి తెలుగులో మంచివి వెతికిపెట్టుకోవడం, మిగతా చిల్లర పనులు ఫోన్‌కే అప్పగించడం: ఈ రెండింటికీ కలిపి రెండు యాప్‌ల గురించి ఈ సమీక్ష. ఒకటి చిల్లర పనులు చేసిపెట్టే మ్యాక్రోడ్రాయిడ్, రెండోది పాడ్‌కాస్ట్‌లు (ఎపిసోడ్లుగా వచ్చే ఆడియో కార్యక్రమాలు) వినిపించే యాంటెనాపాడ్. ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. పది పదిహేను వేల ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. అయితే ఆ ధర ఫోన్లలోనే ఒక మెలిక ఉంది, అది తర్వాత.

మ్యాక్రోడ్రాయిడ్ చేసేది చిన్న మాటలో చెప్పాలంటే, ‘ఇది జరిగితే అది చెయ్యి’. జరిగేదాన్ని ట్రిగ్గర్ అంటారు, చేసేదాన్ని యాక్షన్ అంటారు, ఏ షరతు మీద చేయాలో అది కన్‌స్ట్రెయింట్. ఈ మూడూ కలిస్తే ఒక మాక్రో. ఉచితంగా వాడితే ప్రకటనలు వస్తాయి, అయిదు మాక్రోలకు మించి పెట్టుకోనివ్వదు. ఒక్కసారి డబ్బు కడితే ఆ హద్దు పోతుంది, నెలనెలా చందా గొడవ లేదు. దీనికంటే లోతైనది టాస్కర్. కానీ అది కొనాల్సిందే, పైగా నేర్చుకోవడానికి వారం పది రోజులు కూర్చోవాలి. మామూలు అవసరాలకు అంత బరువు ఎత్తుకోవాల్సిన పని లేదు.

అయిదు మాక్రోలు సరిపోతాయా అంటే, సరిపోతాయి. ఫోన్ తనంతట తాను చేసే పనికి మాక్రో ఖర్చుపెట్టకుంటే చాలు. చాలామంది మొదటి మాక్రో ‘ఇయర్‌ఫోన్ పెట్టగానే పాడ్‌కాస్ట్ మొదలుకావాలి’ అని రాస్తారు. ఆ వసతి యాంటెనాపాడ్ సెట్టింగ్స్‌లోనే ఉంది: వైరు పెట్టినా, బ్లూటూత్ కలిసినా ఆగినచోటి నుంచి మొదలుపెడుతుంది, పీకగానే ఆపుతుంది. రాత్రి పదికి ఫోన్ మూగబోవడం కూడా అంతే. ఫోన్ సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో బెడ్‌టైమ్ మోడ్ అందుకే ఉంది. శాంసంగ్‌లో మోడ్స్ అండ్ రొటీన్స్ ఉన్న ఫోన్ అయితే ఇట్లాంటి పనులు సగం అందులోనే తెమిలిపోతాయి.

ఒక మాక్రో ఇవ్వదగ్గ పని, దిగే స్టాపు దాటిపోకుండా లేపడం. హైదరాబాద్‌లో సూర్యాపేట బస్సెక్కి నార్కట్‌పల్లిలో దిగాల్సినవాళ్లు కునుకు తీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ట్రిగ్గర్‌లో జియోఫెన్స్ (మ్యాప్ మీద గీసే వృత్తం, ఫోన్ అందులోకి రాగానే మాక్రో మొదలవుతుంది) ఎంచుకొని, మ్యాప్ మీద నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర వేలు పెట్టి, ‘ఏరియా ఎంటర్డ్’ అనాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు వృత్తాన్ని చిన్నగా గీయడం. అర కిలోమీటరు వ్యాసార్థం పెడితే వృత్తం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క కిలోమీటరే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు నిమిషానికి 1.3 కిలోమీటర్లు పోతుంది. ఫోన్ నిమిషానికోసారి ‘ఎక్కడున్నా’ అని చూసుకున్నా, రెండు చూపుల మధ్య బస్సు వృత్తంలోకి వచ్చి వెళ్లిపోవచ్చు. మాక్రో మోగలేదని యాప్‌ను తిట్టేవాళ్లలో సగం మంది సంగతి ఇదే. వ్యాసార్థం 4 కిలోమీటర్లు, అప్‌డేట్ రేట్ 1 నిమిషం పెట్టాలి. అప్పుడు ఎంత ఆలస్యమైనా స్టాపు ఇంకా రెండున్నర కిలోమీటర్లకు పైగా ఉండగానే, అంటే సుమారు రెండు నిమిషాల ముందు లేపుతుంది. చిట్యాల అప్పటికే వెనకబడి ఉంటుంది కాబట్టి తొందరపడి లేచే బాధ కూడా లేదు. అప్‌డేట్ రేట్ అయిదు నిమిషాలు పెడితే మాత్రం 4 కిలోమీటర్ల వృత్తాన్ని కూడా నమ్మొద్దు.

యాక్షన్లు ఈ వరుసలో: మీడియా పాజ్, వైబ్రేట్, ఆ తర్వాత స్పీక్ టెక్స్ట్‌లో ‘నార్కట్‌పల్లి వస్తుంది, లేవాలె’. పాజ్ ముందు పెట్టకుంటే పాడ్‌కాస్ట్ గొంతు, ఈ గొంతు కలిసిపోతాయి. చివరి యాక్షన్‌గా ఆ మాక్రో తనను తానే డిసేబుల్ చేసుకునేట్టు పెట్టాలి. లేకుంటే ఇంటికి చేరాక కూడా నిమిషానికోసారి లొకేషన్ అడుగుతూ బ్యాటరీ తింటుంది. మళ్లీ ప్రయాణం రోజున చేత్తో ఆన్ చేసుకోవాలి, అది తప్పదు. లొకేషన్ అనుమతి దగ్గర ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది ఉంటే ఇదంతా దండగ. ఆండ్రాయిడ్ 11 నుంచి ‘ఎల్లప్పుడూ’ అన్న ఎంపిక పైకి తేలే చిన్న పెట్టెలో కనపడదు. సెట్టింగ్స్‌లోకి పోయి యాప్ అనుమతుల్లో మార్చాలి.

రెండో మాక్రో బాయికాడి పని. బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ (ఫోన్‌తో మోటారును నడిపే, సిమ్ వేసిన పెట్టె) పెట్టుకున్న రైతులు మన దిక్కు మస్తుమంది. కరెంటు వచ్చినా, పోయినా, ఒక ఫేజు ఎగిరినా, నీళ్లు అందక మోటారు ఉత్తగా తిరిగినా పెట్టెలోని సిమ్ నుంచి మెసేజ్ వస్తుంది. పది ప్రకటనల మెసేజ్‌ల నడుమ అది కనపడదు, అసలు చిక్కంతా అదే. ట్రిగ్గర్ ‘ఎస్ఎంఎస్ రిసీవ్డ్’. ముందు స్టార్టర్ సిమ్ నంబరును +91తో కలిపి ‘మోటారు’ అని కాంటాక్ట్‌లో వేసుకొని, పంపేవారి చోట దాన్నే ఎంచుకోవాలి. తర్వాత ‘కంటెయిన్స్’ గడిలో ఏ మాట ఉంటే పలకాలో రాయాలి. స్టార్టర్ కంపెనీని బట్టి మెసేజ్ మాటలు మారతాయి కాబట్టి పాత మెసేజ్ తెరిచి అందులోని మాటనే అచ్చంగా కాపీ చేసుకోవాలి. ‘ఆన్’ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు మాత్రం పెట్టొద్దు. ‘కనెక్టెడ్’ అనే మాట స్పెల్లింగ్‌లోనూ ఆ రెండక్షరాలు పక్కపక్కనే ఉంటాయి, దేనికి పడితే దానికి మోగుతుంది.

యాక్షన్‌లో అలారం వాల్యూమ్ నూరు శాతం చేసి, స్పీక్ టెక్స్ట్‌కు ఆడియో స్ట్రీమ్ ‘అలారం’ ఎంచుకోవాలి. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ దారిన వచ్చే గొంతు వినపడుతుంది. మీడియా స్ట్రీమ్‌లో వదిలేస్తే రాత్రి తగ్గించి పెట్టిన వాల్యూమ్‌లోనే గొణుగుతుంది. ‘బాయికాడ మోటారు బందైంది’ అన్న మాటను లూప్‌లో మూడుసార్లు అనిపిస్తే నిద్రమబ్బు మనిషికీ చెవిన పడుతుంది. ఇంత చేసినా పలకకపోతే యాప్ కంటే ముందు ఆ పెట్టెలోని సిమ్‌కు రీఛార్జ్ ఉందో లేదో చూడాలి. మెసేజే రానప్పుడు మాక్రో చేసేదేమీ లేదు.

మూడోది చిన్న దుకాణాలకు. సౌండ్‌బాక్స్‌కు నెలనెలా అద్దె కట్టడం బరువనుకునేవాళ్లు ‘నోటిఫికేషన్ రిసీవ్డ్’ ట్రిగ్గర్‌కు తమ యూపీఐ యాప్‌ను జతచేసి, వచ్చిన నోటిఫికేషన్ పాఠాన్నే స్పీక్ టెక్స్ట్‌తో చదివించవచ్చు. పాఠం గడి పక్కన మూడు చుక్కలు నొక్కితే మ్యాజిక్ టెక్స్ట్ జాబితా వస్తుంది, అందులో నోటిఫికేషన్ టెక్స్ట్ ఎంచుకోవాలి. దీన్ని ఎస్ఎంఎస్ మీద మాత్రం పెట్టొద్దు. ‘మీ ఖాతాలో 500 జమ అయింది’ అని ఏ ఫోన్ నుంచైనా ఎవడైనా మెసేజ్ కొట్టొచ్చు, మన మాక్రో దాన్నీ అంతే గంభీరంగా చదివి వినిపిస్తుంది. క్లాక్ టవర్ సెంటర్ లాంటి రద్దీ చోట అది చాలు మోసానికి.

పెద్దవాళ్ల ఫోన్‌లో ఎవరు చేస్తున్నారో పేరు పలికించే మాక్రో కూడా పెట్టదగ్గదే. కాంటాక్ట్ పేర్లు తెలుగు లిపిలో రాసిపెడితేనే తెలుగు గొంతు వాటిని సరిగా పలుకుతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే మల్లయ్య మామ ఇంకెవరో అయిపోతాడు.

అయిదోది ఖాళీగా ఉంచుకోవడమే మేలు. టెంప్లేట్ స్టోర్‌లో జనం పెట్టిన మాక్రోలు వందలకొద్దీ కనిపిస్తాయి, నోరూరుతుంది. దించుకునే ముందు లోపల తెరిచి చూడాలి. ఎస్ఎంఎస్ ట్రిగ్గరూ, హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ (ఇంటర్నెట్‌లో వేరేచోటికి సమాచారం పంపే) యాక్షనూ ఒకే మాక్రోలో ఉంటే దాని అర్థం మీకొచ్చే మెసేజ్ బయటికి పోతోందని, అందులో ఓటీపీ కూడా ఉండొచ్చని. యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీదున్నది చదివి, మన బదులు నొక్కే అధికారం) అడిగితే నిజంగా అవసరమైతేనే ఇవ్వాలి. పైన చెప్పిన నాలుగింటికీ దాని పని లేదు. పైగా అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోమని మొరాయిస్తాయి.

ఇక ముందు చెప్పిన మెలిక. మాక్రో మొదటి రోజు పలుకుతుంది, రెండో రోజు పలకదు. యాప్ చెడిపోలేదు. బ్యాటరీ మిగిల్చే పేరుతో ఫోనే వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంది. రెడ్‌మీలో యాప్ సమాచారంలోకి పోయి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌లో ‘నో రిస్ట్రిక్షన్స్’ పెట్టాలి. రియల్‌మీ, ఒప్పోలో ఆటో లాంచ్‌నూ, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీనీ అనుమతించాలి. వివోలో బ్యాటరీ సెట్టింగ్స్ లోపల బ్యాక్‌గ్రౌండ్ పవర్ వాడకం జాబితా ఉంటుంది. శాంసంగ్‌లో ‘నెవర్ స్లీపింగ్ యాప్స్’లో చేర్చాలి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన తర్వాత ఇవి ఒక్కోసారి మొదటికొస్తాయి, అందుకని అప్‌డేట్ అయిన రోజు ఒకసారి తిరిగి చూడటం మంచిది. తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి మ్యాక్రోడ్రాయిడ్‌లోనే సిస్టమ్ లాగ్ ఉంది. ట్రిగ్గర్ పడాల్సిన సమయానికి అందులో ఏమీ లేకపోతే ఫోన్ యాప్‌ను ఆపేసిందని గానీ, ట్రిగ్గర్ అనుమతి లేదని గానీ లెక్క. ట్రిగ్గర్ పడినట్టు ఉండి పని మాత్రం జరగకుంటే యాక్షన్ అనుమతి, కన్‌స్ట్రెయింట్ చూసుకోవాలి. మాక్రో తెరిచి ‘టెస్ట్ యాక్షన్స్’ నొక్కితే ట్రిగ్గర్‌తో పని లేకుండా మిగతాదంతా నడుస్తుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

మరో హద్దు: ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లు వైఫైని తమంతట తాము ఆన్, ఆఫ్ చేయలేవు. సహాయక యాప్ అదనంగా వేస్తే దారి దొరుకుతుంది గానీ, ఆ ఒక్కదానికోసం అంత తంటా పడటం ఎందుకో.

ఐఫోన్ వాళ్లకు షార్ట్‌కట్స్ యాప్ ఫోన్‌తోనే వస్తుంది. మ్యాక్రోడ్రాయిడ్ గానీ, యాంటెనాపాడ్ గానీ వాళ్లకు దొరకవు.

యాంటెనాపాడ్ గురించి ఫిర్యాదులు తక్కువ. ఉచితం, ఓపెన్ సోర్స్, ఖాతా అడగదు, తన ప్రకటనలు వేయదు. ప్లే స్టోర్‌లోనూ, ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్‌లోనూ దొరుకుతుంది. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడ్డాక దిక్కుతోచనివాళ్లకు ఇదే మొదటి సలహా. డౌన్‌లోడ్స్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్ చేసి, ఎపిసోడ్ల హద్దు 10 పెట్టి, మొబైల్ డేటాతో డౌన్‌లోడ్ వద్దని చెప్పి, విన్నాక చెరిపేయమంటే నిల్వ తిప్పలు ఉండవు. అరవై నాలుగు కేబీపీఎస్ ఆడియో గంటకు దాదాపు 29 ఎంబీ, నూట ఇరవై ఎనిమిది అయితే 58 ఎంబీ. పది గంటలు నింపినా ఆరు వందల ఎంబీ దాటదు. నల్లమల దిక్కు పోయేవాళ్లకు ఈ నింపడమే ముఖ్యం. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి దోమలపెంట వైపు అడవిలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంటి వైఫైలోనే కానిచ్చుకోవాలి.

తెలుగు పాడ్‌కాస్ట్‌లకు బాగా పనికొచ్చే వసతి ఇంకొకటుంది. మనవాళ్ల రికార్డింగులు ఒకటి గుసగుసలా, ఇంకొకటి మైకు మింగినట్టు ఉంటాయి. ఒక్కో పాడ్‌కాస్ట్‌కు విడిగా వాల్యూమ్ పెంచడం, తగ్గించడం, వేగం మార్చడం, మొదట్లో వచ్చే సంగీతాన్ని ఇన్ని సెకండ్లు దాటెయ్యమనడం ఇందులో కుదురుతాయి. సంభాషణలకు 1.2 రెట్ల వేగం చెవికి ఇబ్బంది కలగదు, గంట ఎపిసోడ్ యాభై నిమిషాల్లో అయిపోతుంది. కథలకు, పద్యాలకు వేగం పెంచితే మాత్రం చదివినవాళ్ల కష్టం బూడిదలో పోసినట్టే. ‘స్కిప్ సైలెన్స్’ కూడా కథల దగ్గర ఆపేయాలి, చదివేవాళ్లు కావాలని ఇచ్చిన విరామాలను అది మింగేస్తుంది.

వినడం సులువే, తెలుగులో మంచిది దొరకబుచ్చుకోవడమే కష్టం. వెతికేటప్పుడు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిషు అక్షరాల్లో ఒకసారి కొట్టాలి. చాలా తెలుగు పాడ్‌కాస్ట్‌లు పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే నమోదు చేసుకుంటాయి, అందులోనూ స్పెల్లింగ్ తలా ఒక తీరు. దొరికాక మొదట చూడాల్సింది చివరి ఎపిసోడ్ తేదీ. నాలుగైదు ఎపిసోడ్లకే ఆగిపోయినవి ఎన్నో. రెండోది, ఏదో ఒక ఎపిసోడ్ నడుమ నుంచి అయిదు నిమిషాలు వినడం. మొదటి రెండు నిమిషాలు ఎవరైనా బాగానే మాట్లాడతారు.

సాహిత్యం మీద ఇష్టం ఉంటే హర్షణీయం దగ్గర మొదలుపెట్టవచ్చు. కథలూ, రచయితలతో, అనువాదకులతో సంభాషణలూ ఉంటాయి, మాట్లాడించేవాళ్లు పుస్తకం చదివి వచ్చినట్టు తెలుస్తుంది. కిరణ్‌ప్రభ టాక్ షోలు ఒక మనిషి గురించో, ఒక పుస్తకం గురించో తీరికగా చెప్పుకుంటూ పోతాయి. కౌముది వెబ్‌సైట్‌లో, యూట్యూబ్‌లో దొరుకుతాయి. పొడుగెక్కువ గానీ బస్సుకు ఆ పొడుగే కావాలి. ఆడియో పుస్తకాలకు దాసుభాషితం యాప్ ఉంది, అది విడి యాప్ కాబట్టి యాంటెనాపాడ్‌లోకి రాదు. ఆకాశవాణి ప్రాంతీయ తెలుగు వార్తలకు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ చాలు. ఇంట్లో పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఒగ్గుకథలో, హరికథలో ఎంపీ3లుగా ఉంటే వాటన్నిటినీ ఒక ఫోల్డర్‌లో వేసి, యాంటెనాపాడ్‌లో ‘యాడ్ లోకల్ ఫోల్డర్’ అంటే అదీ ఒక పాడ్‌కాస్ట్‌లా కూర్చుంటుంది, ఆగినచోటు గుర్తుంచుకుంటుంది. ఫైళ్లకు 01, 02 అని ముందు అంకెలు వేస్తే వరుస తప్పదు. 1, 2 అని వేస్తే చాలాచోట్ల 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

పుస్తకాన్ని ఫోన్‌తో చదివించుకోవడం వేరే దారి. సెట్టింగ్స్ వెతుకుడు గడిలో ‘టెక్స్ట్ టు స్పీచ్’ అని కొట్టి, గూగుల్ ఇంజిన్ ఎంచుకొని, తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయాలి. మ్యాక్రోడ్రాయిడ్ పలికేదీ ఈ గొంతుతోనే కాబట్టి ఒక్కసారి చేస్తే రెండింటికీ సరిపోతుంది. వైఫైలో ఉన్నప్పుడే దించుకోకపోతే సిగ్నల్ లేనిచోట నోరు పెగలదు. ఆ తర్వాత @వాయిస్ అలౌడ్ రీడర్ లాంటి యాప్‌లో ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) తెరిస్తే చదువుతూ పోతుంది.

అయితే ఏ పుస్తకమైనా చదవదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి గానీ అవి ఎక్కువగా పేజీల ఫొటోలు. ఫొటోలో అక్షరం ఉన్నట్టు యాప్‌కు తెలియదు, నోరు మూసుకు కూర్చుంటుంది. ఒకటి రెండు పేజీలైతే గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చుకోవచ్చు, మూడొందల పేజీలకు అది కూలిపని. అందుకే ముందు తెలుగు వికీసోర్స్‌లో వెతకాలి. అక్కడ పుస్తకాలను మనుషులు కూర్చొని అక్షరాల్లోకి మారుస్తారు, ఈపబ్‌గా దించుకోవచ్చు. మనదేశంలో రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరుతుంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, అంటే 2014 నుంచి ఆయన రచనలు అందరి సొత్తు. ఆ లెక్క పట్టుకొని వెతికితే ఏది ఉచితంగా చట్టబద్ధంగా దొరుకుతుందో తేలికగా తెలుస్తుంది. ఇప్పటి రచయితల పుస్తకాలకు జిల్లా కేంద్ర గ్రంథాలయమో, డిసెంబరు దిక్కు హైదరాబాద్‌లో జరిగే పుస్తక ప్రదర్శనో ఉండనే ఉన్నాయి. పిల్లలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి.

యంత్రం చదువు వచనానికి సరే. వ్యాసం, చరిత్ర, ఆత్మకథ హాయిగా వినొచ్చు. పద్యం దగ్గర సంధులూ, యతీ తెలియక ఎక్కడ పడితే అక్కడ ఊపిరి తీసుకుంటుంది. ‘కి.మీ.’ లాంటి పొట్టి రాతలను అక్షరం అక్షరంగా పలుకుతుంది. అడుగున ఉండే వివరణలను వాక్యం నడుమకు లాక్కొస్తుంది, అట్లాంటివి ఎక్కువున్న పుస్తకాన్ని బస్సులో కాకుండా ఇంట్లో కళ్లతోనే చదువుకోవాలి. వేగం 0.9కి తగ్గించి, వాక్యానికీ వాక్యానికీ నడుమ కాస్త ఖాళీ పెంచుకుంటే చౌటుప్పల్ దాకా విసుగు రాదు.